చీటీ లేని పిలుపు

ఆస్పత్రిలో రోగుల పేర్లు పిలిచే ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. కానీ ఇరవై నాలుగేళ్లుగా అందరికీ ఆవిడ మైకమ్మే. పెద్ద డాక్టరుగారు కూడా ఆ అసలు పేరేమిటని అడిగిన పాపాన పోలేదు.

కింది అంతస్తులో పెద్ద హాలు, హాలు నిండా బెంచీలు, ఓ మూల అద్దాల గది. అదే మైకమ్మ రాజ్యం. గోడలో ఉన్న సందులోంచి లోపలి గుమాస్తాలు చీటీలు తోస్తుంటారు. చీటీ మీద పేరు, వెళ్లాల్సిన గది నంబరు ఉంటాయి. మైకమ్మ చదువుతుంది. మనిషి లేచి “వచ్చాను” అంటే ఆ గదికి పంపుతుంది. పలక్కపోతే మిగతావాళ్లను పిలిచి, కాసేపాగి రెండోసారి, ఇంకాసేపాగి మూడోసారి పిలుస్తుంది. మూడోసారికీ పలక్కపోతే చీటీ మీద ‘రాలేదు’ అని రాసి, బల్ల మీదున్న ఇనప ముల్లుకు గుచ్చేస్తుంది. అంతటితో ఆ పిలుపు చచ్చినట్టే. ఇక దాని గురించి ఎవరూ అడగరు.

ఆ కుర్చీలో తనకంటే ముందు కూర్చున్న ముసలావిడ, పని అప్పగిస్తూ ఒకే ఒక్క మాట చెప్పింది.

“చీటీ లేకుండా మైకులో ఎవరి పేరూ పిలవకు.”

“ఎందుకండీ?”

“పిలుపన్నాక దానికో గది ఉండాలి కదే. చీటీ లేకపోతే అది ఎక్కడికి పోతుంది?”

ముసలావిడ చాదస్తం అనుకుంది మైకమ్మ. పెద్దవాళ్లు చెప్పేవన్నీ చాదస్తాలే, మన మీదకు వచ్చేదాకా. రోగుల విషయంలో ఆ మాట పాటించింది గానీ, సొంతవాళ్ల దగ్గరకు వచ్చేసరికి మైకు ఆవిడకు ఆటవస్తువు. అందులో మొదటి ముద్దాయి బొంగరం.

బొంగరం అదే ఆస్పత్రిలో దుప్పట్లూ, దిండు గలీబులూ కుట్టే మనిషి. ఒక్క క్షణం ఒకచోట నిలబడదు గనక ఆ పేరు. ఇద్దరి దేవుళ్లు వేరు, ప్రార్థన చేసుకునే చోట్లు వేరు, పండగలు వేరు. స్నేహం మాత్రం ఒకటే. బొంగరం వాళ్ల పండగ రోజున మైకమ్మ పొద్దున్నే ఏడింటికల్లా వచ్చి, తలుపులు తీయకముందే, ఖాళీ హాల్లో మైకు పెట్టి, ఫోను దాని పక్కన ఆనించి పిలుస్తుంది.

“బొంగరం! బొంగరం! ఎక్కడున్నా వెంటనే లేచి పళ్లు తోముకోవలెను!”

ఇలా మూడుసార్లు. మొదటి రెండింటికీ బొంగరం చచ్చినా పలకదు. మూడోదానికి మాత్రం నిద్రమత్తులో ఉన్నా సరే, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. “వచ్చానమ్మా, వచ్చాను!” అంటుంది ఫోనులో. అప్పుడు పండగ శుభాకాంక్షలు. మధ్యాహ్నానికి కొత్త బట్టల్లో, భోజనం డబ్బా పట్టుకుని ఆస్పత్రికి వస్తుంది. మైకమ్మ వాళ్ల పండగకు ఇదే తంతు తిరగేసి జరుగుతుంది. అప్పుడు మైకు పట్టుకునేది బొంగరం. ఆమె గొంతు మైకులో వింటే ఏ రోగమూ లేనివాడికి కూడా తలనొప్పి వస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఇదీ వాళ్ల మర్యాద.

రెండు డబ్బాల్లోనూ వాటా ఉన్న మనిషి ఇంకొకాయన ఉండేవాడు. మందుల కౌంటరులో కూర్చునే మాత్రల బాబాయ్. ఆయనకు దేవుడూ లేడు, పండగా లేదు. “రెండిళ్ల వంటా నాకే వస్తుంటే మళ్లీ నాకో పండగ ఎందుకమ్మా?” అనేవాడు. నడుస్తుంటే ఆయన చెప్పులు కిర్రు కిర్రుమనేవి. ఇన్నేళ్లలో ఆయనకు శుభాకాంక్షలు చెప్పినవాళ్లు లేరు. ఏ రోజున చెప్పాలో ఎవరికీ తెలియదు మరి.

*

ఆ ఏడాది ఆస్పత్రికి పిలుపుల మిషను వచ్చింది. దాన్ని బిగించడానికి వచ్చినాయన మూడు రోజులపాటు మైకమ్మను కూర్చోబెట్టి పేర్లూ నంబర్లూ చదివించుకున్నాడు. నంబర్లు ఒకటి నుంచి ఎనిమిది, మళ్లీ పది నుంచి పద్నాలుగు. తొమ్మిది అక్కర్లేదన్నాడు. తొమ్మిదో నంబరు గది లేదు. ఒకప్పుడు ఉండేదట, ఎందుకో గోడ కట్టి సున్నం వేసేశారు. ఎనిమిదో గది, తర్వాత గోడకు ఆనుకుని ఒక బెంచీ, ఆ తర్వాత పదో గది. అంతే.

ఇక పేర్లు మిషనే పిలుస్తుంది, మైకమ్మ గొంతుతో. మైకమ్మ పక్కన కూర్చుని చూస్తూ ఉండాలి. తన గొంతు తన ప్రమేయం లేకుండా హాలంతా తిరుగుతుంటే, సొంత ఇంట్లో చుట్టంలా ఉండేది ఆవిడకు.

మిషను వచ్చిన మూడో వారంలో ఒకరోజు, టీ పోసిపెట్టి, అలవాటుగా మైకు అందుకుంది. “మాత్రల బాబాయ్, ఎక్కడున్నా వెంటనే మైకు గదికి రావలెను. టీ చల్లారిపోతోంది!” జనం నవ్వారు. కౌంటరు దగ్గర రద్దీగా ఉండి ఆయన అప్పుడు రాలేదు. పదకొండింటికి మిషను దానంతటదే పలికింది.

“మాత్రల బాబాయ్. తొమ్మిదో నంబరు గది.”

మైకమ్మ మళ్లీ వేళాకోళం చేస్తోందనుకున్నాడాయన. “వచ్చా, వచ్చా!” అని నవ్వుతూ లేచి, చెప్పులు కిర్రుమనిపించుకుంటూ అటు వెళ్లాడు. అరగంట తర్వాత ఎనిమిదికీ పదికీ మధ్య బెంచీ మీద, గోడకు వీపు ఆనించి, కళ్లు తెరుచుకునే కూర్చుని ఉన్నాడు. ఒళ్లు చల్లబడిపోయింది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు.

మైకమ్మ మూడు రోజులు ఏడ్చింది. మిషనాయన్ను పట్టుకుని నిలదీసింది. “నేను తొమ్మిది అని చదవనేలేదు కదయ్యా! అదెలా పలికింది?”

“చదివే ఉంటారు, మర్చిపోయుంటారు,” అని తేల్చేశాడాయన.

తర్వాత నాలుగు రోజులకు తోటమాలి వంతు వచ్చింది. పైపులో నీళ్లు హాల్లోకి వస్తున్నాయని మైకమ్మ అతన్ని మైకులో కేకేసి పిలిచింది. ఆ మధ్యాహ్నమే మిషను అతన్ని మూడుసార్లు తొమ్మిదో గదికి పిలిచింది. తోటమాలికి బ్రహ్మచెవుడు. పైపు సంగతీ వినలేదు, తొమ్మిది సంగతీ వినలేదు. ఇప్పటికీ నిక్షేపంగా మొక్కలకు నీళ్లు పోసుకుంటున్నాడు.

ఈ రెండింటికీ ఉన్న లంకె ఆవిడకు అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. మనకు ఇష్టమైన అలవాటే తప్పని ఒప్పుకోవడానికి మనసు అంత తేలిగ్గా రాదు. అందుకే బొంగరం వాళ్ల పండగ రాగానే పొద్దున్నే ఏడింటికి ఖాళీ హాల్లో మైకు పెట్టి, నోరారా మూడుసార్లు పిలిచింది. మూడోసారికి ఫోనులో బొంగరం పలికింది. శుభాకాంక్షలు అయ్యాయి. “మధ్యాహ్నం డబ్బా తెస్తానే, అడ్డమైనవీ తిని కడుపు నింపుకోకు,” అని పెట్టేసింది.

*

పదకొండింటికి మిషను గొంతు సవరించుకున్నట్టు చిన్నగా గరగరలాడింది.

“బొంగరం. తొమ్మిదో నంబరు గది.”

మైకమ్మ చటుక్కున లేచింది. చీటీల కోసం చూసింది. సందులో అలాంటి చీటీ లేదు. బొంగరం అన్న పేరు ఆస్పత్రి పుస్తకాల్లో ఎక్కడా లేదు, మాత్రల బాబాయ్ అన్న పేరు లేనట్టే. ఆ పేర్లతో ఆ మైకులో పిలిచింది తనొక్కతే. టీ తాగడానికి రమ్మని ఒకరిని, నీళ్లు కట్టెయ్యమని ఇంకొకరిని, పండగ అని మరొకరిని పిలిచింది. ముగ్గురికీ చీటీ లేదు. ముసలావిడ మాట అప్పుడు చెవిలో మోగింది. పిలుపు ఎక్కడికి పోతుంది?

పలికినాయన పోయాడు. పలకనివాడు బతికాడు. అయితే బొంగరం పలకకూడదు, అంతే. మైకమ్మ ఫోను చేసింది. బొంగరం కోడలు ఎత్తింది.

“అత్తయ్య ఇప్పుడే బయల్దేరిందండీ, మీకు డబ్బా పట్టుకుని. ఫోను ఇక్కడే వదిలేసింది.”

మిషను ఉన్న పెట్టెకు తాళం. తాళంచెవి ఉన్నాయనది కూడా బొంగరం మతమే, పండగ సెలవు. మైకమ్మ వంగి తీగ పట్టుకుని గోడలోంచి పీకేసింది. మిషను తెర నల్లగా ఆరిపోయింది. హమ్మయ్య అనుకుని కూర్చుంది. సందులోంచి వచ్చిన చీటీలు తీసుకుని తనే చదవడం మొదలుపెట్టింది. నాలుగు పేర్లు చదివింది. ఐదో పేరుకు నోరు తెరవబోతుండగా, తెరవకముందే, హాల్లో తన గొంతు వినిపించింది.

“బొంగరం. తొమ్మిదో నంబరు గది.”

తీగ ఆవిడ చేతిలోనే ఉంది. హాల్లో జనం ఎవరి గొడవలో వాళ్లున్నారు. ఒకావిడ మాత్రం పక్కావిడతో, “ఎవరో పాపం ఇంకా రాలేదు,” అంది.

మైకమ్మ గుమ్మం దగ్గరకు పరిగెత్తింది. బయట బొంగరం కనబడలేదు. వీధిలోకి వెళ్లి వెతుకుదామంటే ఏ దారిన వస్తుందో తెలియదు. ఆమె ఒక దారిన వస్తుంటే తను ఇంకో దారిన వెళ్తే, ఖాళీ అద్దాల గది ముందు బొంగరం ఒంటరిగా ఆ మూడో పిలుపు వింటుంది. అందుకని వెనక్కి వచ్చి అద్దాల గదిలో నిలబడింది. కళ్లు గుమ్మం మీద, చెయ్యి మైకు మీద. ఆ అరగంటలో మనిషి పదేళ్లు ముసలిదైపోయింది.

పన్నెండు కావస్తుండగా బొంగరం వచ్చింది. నీలం రంగు కొత్త బట్టలు, చేతిలో మూడంతస్తుల డబ్బా, ముఖాన నవ్వు. గుమ్మం దగ్గరే ఎవరో తెలిసినావిడ ఆపి శుభాకాంక్షలు చెబుతోంది. మైకమ్మ అద్దం మీద దబదబా బాదింది. బొంగరం ఇటు చూసి, డబ్బా పైకెత్తి చూపించింది.

మిషను గరగరలాడింది.

“బొంగరం. తొమ్మిదో నంబరు గది.”

మూడో పిలుపు. బొంగరం నోరు తెరుచుకోవడం అంత దూరం నుంచీ మైకమ్మకు కనిపించింది. ఇరవై రెండేళ్ల అలవాటు, ఆమె చేతిలో లేని పని. మైకమ్మకు ఇంకో దారి తోచలేదు. మైకు నోటికి ఆనించుకుని, బొంగరం కంటే ముందు తనే అరిచింది.

“వచ్చాను! బొంగరం వచ్చింది!”

హాలంతా తలతిప్పి చూసింది. బొంగరం నోరు మూతపడింది. మైకమ్మ మాత్రం అప్పటికే అద్దాల గదిలోంచి బయటికి నడుస్తోంది. నడవాలని అనుకుని కాదు. పాదాలే ఆవిడను తీసుకుపోతున్నాయి.

*

ఎనిమిదో గది తర్వాత బెంచీ లేదు. తలుపుంది. సున్నం వాసన వేస్తోంది.

లోపల మామూలు గదే. అందుకే ఆవిడకు మరీ భయం వేసింది. ఒక బల్ల, బల్ల మీద కాగితాలు, గోడకు క్యాలెండరు, పొడుగాటి బెంచీ మీద ఓ పదిమంది. ఎవరూ మాట్లాడుకోవడం లేదు, ఎవరూ విసుక్కోవడం లేదు. బల్ల వెనకున్న గుమాస్తా ముఖం ఎదురుగా చూస్తున్నంతసేపూ కనిపించింది గానీ, చూపు తిప్పగానే గుర్తుండలేదు. బెంచీ చివర మాత్రల బాబాయ్.

“రామ్మా,” అన్నాడాయన మెల్లగా. “టీ ఉందా ఇంకా?”

మైకమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. “ఉంది బాబాయ్. లేవండి, వెళ్దాం.”

“లేవడానికి లేదట. మతం అడిగారు. లేదన్నాను. పోనీ ఏదైనా పండగ ఉందా అన్నారు. అదీ లేదన్నాను. అయితే కూర్చోమన్నారు.”

“తప్పు నాది బాబాయ్. నేనే పిలిచాను.”

“టీకే కదమ్మా పిలిచావు. దానికేముంది?” అన్నాడు. ఆయన తిట్టినా బాగుండేది.

“పేరు?” అన్నాడు గుమాస్తా. మైకమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ నోట్లోంచి వచ్చింది తన గొంతే, మైకులో పలికే గొంతు.

“బొంగరం.”

“వయసు?”

“యాభై రెండు.”

“పని?”

“దుప్పట్లు కుట్టడం. గలీబులు కూడా.”

“మతం?”

తన దేవుడు క్షమిస్తాడనుకుంది మైకమ్మ. క్షమించకపోతే ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చు. బొంగరం మతం చెప్పింది.

గుమాస్తా కలం ఆగింది. వెనక్కి తిరిగి క్యాలెండరు చూశాడు. “ఇవాళ మీకు పండగ కదా.”

“అవునండి.”

“పండగ ఉన్నవాళ్లను ఆ రోజు ఉంచుకోం. ఎవరు పిలిచారు మిమ్మల్ని?”

“నా స్నేహితురాలు. శుభాకాంక్షలు చెప్పడానికి పిలిచింది. చీటీ లేకుండా, బుద్ధిలేకుండా.”

“చీటీ లేనివే ఇక్కడికి వస్తాయి. కొట్టేసే అధికారం నాకు లేదు.” కాగితం ఒకటి చింపి రాశాడు. “ఇదిగో చీటీ. ఇందులో ఉన్న తారీఖున మూడుసార్లు పిలవాలి. పలికితే ఇక్కడికి.”

“పలక్కపోతే?”

“పలక్కపోతే ఏం చేస్తారో మీ మైకావిడకు తెలుసు.” చీటీ చేతిలో పెట్టి, లేచి నిలబడి, తల కొంచెం వంచాడు. “పండగ శుభాకాంక్షలు.”

బయట ఎవరో భుజాలు పట్టుకుని కుదుపుతున్నారు. మైకమ్మ కళ్లు తెరిచింది. ఎనిమిదికీ పదికీ మధ్య బెంచీ మీద, గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. ఎదురుగా బొంగరం, కళ్లనిండా నీళ్లతో.

“ఏమైందే నీకు? ఒళ్లు మంచుగడ్డలా ఉంది! నా పేరు పెట్టుకుని నువ్వు పలకడమేంటి, ఇలా వచ్చి పడిపోవడమేంటి?”

“పండగ శుభాకాంక్షలే,” అంది మైకమ్మ, పెదాలు తడుపుకుని.

“పొద్దున చెప్పావుగా!”

“ఇది నాది కాదు. ఇంకొకరు నీకు చెప్పమన్నారు.”

పిడికిలి విప్పింది. అందులో చీటీ ఉంది. బొంగరం పేరు, తొమ్మిదో గది, తారీఖు. పందొమ్మిది రోజుల తర్వాత. ఆ రోజు మైకమ్మ వాళ్ల పండగ.

*

మైకమ్మ జరిగిందంతా చెబితే బొంగరం మొదట నవ్వింది, తర్వాత తిట్టింది, తర్వాత చీటీ మీదున్న రాత చూసి నోరు మూసుకుంది. అది మైకమ్మ చేతిరాతే, కానీ మైకమ్మ రాసింది కాదు. మిషను ఆ రోజు నుంచీ మూగబోయింది. మిషనాయన దాన్ని విప్పి, బిగించి, తల గోక్కుని, బాగుచేయించుకొస్తానని తీసుకుపోయాడు. పిలుపులు మళ్లీ మైకమ్మ నోటికే వచ్చాయి.

ఆ పందొమ్మిది రోజులూ ఇద్దరూ ఒకటే సాధన చేశారు. వంటగదిలో, బట్టలు కుట్టే గదిలో మైకమ్మ పేరు పెట్టి మూడుసార్లు పిలవడం, బొంగరం పలకకుండా ఉండడం. పదిసార్లలో ఏడుసార్లు నోరు జారేది.

“నా వల్ల కావట్లేదే,” అని ఒకరోజు కూలబడి ఏడ్చింది. “నువ్వు పిలిస్తే పలక్కుండా ఎలా ఉంటానే? నోటికి ప్లాస్టరు వెయ్యి.”

“ఆ రోజు ఇంట్లో ఉండిపో. తలుపులేసుకుని, చెవుల్లో దూది పెట్టుకో.”

“ఇంట్లో వినపడదని ఏంటి నమ్మకం? నీ కళ్లముందే కూర్చుంటా. జారితే ముందు నువ్వే చూస్తావు.”

పండగ పూట డ్యూటీకి వెళ్తానంటే మైకమ్మ భర్త అంతెత్తున లేచాడు. “ఇరవై నాలుగేళ్లలో లేనిది ఇప్పుడేంటి? నువ్వు పిలవకపోతే రోగులు బతకరా?”

“ఒకరు బతకరు,” అని కొత్త బట్టల్లోనే బయల్దేరింది.

బొంగరం ముందు బెంచీలో కూర్చుంది, నోట్లో చేతిరుమాలు కుక్కుకుని. పక్కవాళ్లు పన్ను నొప్పి అనుకున్నారు. మైకమ్మ చీటీ తీసి, అన్ని చీటీలూ చదివినట్టే చదివింది. గొంతు వణకనివ్వలేదు.

“బొంగరం. తొమ్మిదో నంబరు గది.”

బొంగరం పలకలేదు. అరగంటకు రెండోసారి పిలిచింది. పలకలేదు. వరండాలో ఎనిమిదో గది అవతల నుంచి సున్నం వాసన హాల్లోకి రావడం మొదలైంది. ఎవరో తుమ్మారు. ఇంకో అరగంట అయింది. మైకమ్మ మైకు దగ్గరకు లాక్కుంది. ఈ ఒక్కటీ దాటితే బొంగరం బతికినట్టే. బొంగరం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“బొంగరం...”

పేరు పూర్తయీ అవకముందే బొంగరం భుజాలు ఎగిరాయి. చేతులు పక్కకు జారాయి. చేతిరుమాలు ఒళ్లో పడింది. నోరు తెరుచుకుంది. మైకమ్మ చేత్తో వద్దని సైగ చేసింది, మనసులో తన దేవుణ్నీ బొంగరం దేవుణ్నీ కలిపి మొక్కింది. “వ...” అన్నంతవరకూ వచ్చింది బొంగరానికి.

“వచ్చా, వచ్చా!”

మగగొంతు. వరండా చివరి నుంచి, నవ్వుతున్నట్టుగా. హాల్లో ఇంకెవరూ తలతిప్పలేదు. ఇద్దరే తిరిగి చూశారు.

బొంగరం మాట నోట్లోనే ఉండిపోయింది. సున్నం వాసన తగ్గింది. మైకమ్మ చీటీ మీద ‘వచ్చారు’ అని రాసి ముల్లుకు గుచ్చింది. ఆ తర్వాత బల్ల మీద తలవాల్చి, చిన్నపిల్లలా ఏడ్చింది.

బొంగరం అద్దాల గదిలోకి వచ్చి పక్కన నిలబడింది. “ఆయనే కదే?”

“ఆయనే. నీ బదులు పలికాడు. ఇప్పుడు నీ పేరు మీద కూడా ఆయనే కూర్చోవాలి అక్కడ.” మైకమ్మ కళ్లు తుడుచుకుంది. కాసేపు ముల్లు వైపే చూసింది. తర్వాత ఒక తెల్ల చీటీ తీసుకుంది. పేరు దగ్గర మాత్రల బాబాయ్ అని రాసింది. గది నంబరు దగ్గర ఆలోచించి, ‘ఇంటికి’ అని రాసింది. కింద, ‘ఇవాళ వీరికి పండగ’ అని రాసింది.

“ఏ పండగే ఆయనకి?”

“నాది. సగం ఇస్తే అరిగిపోతుందా?”

“వచ్చే ఏడాది నాది కూడా సగం రాయి,” అంది బొంగరం.

మైకమ్మ ఫ్లాస్కులోంచి టీ పోసి, కప్పు అద్దాల గది కిటికీ గట్టు మీద పెట్టింది. చీటీ చేతిలో పట్టుకుని, మైకు మీట నొక్కింది.

“మాత్రల బాబాయ్. ఎక్కడున్నా వెంటనే ఇంటికి వెళ్లవలెను. పండగ శుభాకాంక్షలు.”

రెండోసారి చదివింది. మూడోసారి చదివింది. ఎవరూ పలకలేదు. వరండాలో మాత్రం చెప్పులు కిర్రుమన్నాయి. కిర్రు కిర్రుమంటూ హాల్లోకి వచ్చాయి. దారిలో బెంచీల మీద జనం ఎందుకో తెలియకుండానే కాళ్లు లోపలికి ముడుచుకున్నారు. ఆ చప్పుడు కిటికీ దగ్గర ఆగింది. ఓ టీ తాగేంతసేపు ఆగింది. తర్వాత మళ్లీ మొదలై, గుమ్మం దాకా వెళ్లింది. తలుపు తెరుచుకుని, దానంతటదే మూసుకుంది.

హాల్లో ఎవరో, “ఏంటమ్మా, మా పేర్లు పిలవరా?” అని విసుక్కున్నారు.

“నీకింకా చెప్పనేలేదే,” అంది బొంగరం. “పొద్దున్నుంచీ నోట్లో గుడ్డ కుక్కుకుని కూర్చున్నానాయె.”

“ఆగు,” అంది మైకమ్మ. మైకు మీట కట్టేసింది. కట్టేసిందో లేదో రెండుసార్లు చూసుకుంది. ఆ తర్వాతే ఆమె వైపు తిరిగింది.

“ఇప్పుడు చెప్పు.”